మా అమ్మ మీద గంజాయి కేసు

మా అమ్మ గంజాయి కేసులో ముద్దాయి. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా ముఖం చూసి ఆపేస్తారు. మొన్న బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఒకాయన తన అత్తగారి కబురు చెప్పాడు. క్యాన్సరు వచ్చిన ఆవిడకి ఎవరో ఆయుర్వేదం డాక్టరు గంజాయి నూనె రాసిచ్చాడట. చిన్న సీసా, దాని మీద లేబులు, కొరియర్లో ఇంటికే వస్తుందట. "ఎంత ముందుకు పోయామండీ మనం!" అన్నాడు పెరుగన్నం కలుపుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది. విస్తరి మడిచేసి లేచి చెయ్యి కడుక్కున్నాను. ముందుకు పోయినవాళ్ళు పోయారు, బాగానే ఉంది. మా అమ్మ మాత్రం ఆకలితో పోయింది.

కోపం తగ్గాక రాద్దామని చాలా ఏళ్ళు చూశాను. తగ్గలేదు. ఇక తగ్గదని తెలిశాక రాస్తున్నాను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి ఇంజన్లలో బొగ్గు వెయ్యడానికి వచ్చిన కుటుంబం. నాన్న దగ్గరికొచ్చేసరికి మెయిలు డ్రైవరు అయ్యాడు. కాలనీలో అది చిన్న హోదా కాదు. బుధవారీ బజారులో కూరలు బేరమాడుతుంటే పక్కవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. శ్రీరామనవమి పందిట్లో మొదటి కొబ్బరికాయ నాన్న చేతే కొట్టించేవారు. డ్యూటీ లేని రోజు కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటేవాడు కాదు. ఆ పరువుకి ఇంట్లో మేం రోజూ దీపం పెట్టేవాళ్ళం అన్నా తప్పులేదు. అమ్మ మాత్రం ఆ పరువుని ఎప్పుడూ లెక్కచెయ్యలేదు. నోరున్న మనిషి. వంట బాగా చేసేది, తినిపించేది, తిట్టేది.

ఆ అమ్మకి గర్భసంచిలో క్యాన్సరు వచ్చింది. నాగపూర్ పంపారు. కరెంటు పెట్టారు, ఇంజక్షన్లు ఎక్కించారు, తిరిగి పంపేశారు. ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నోట్లో ఏది పెట్టినా వాంతి. గంజి వాంతి, మజ్జిగ వాంతి, మంచినీళ్ళు కూడా వాంతి. వాంతి ఆగడానికి ఇచ్చిన మాత్ర ఆ వాంతిలోనే బయటికి వచ్చేది. నెత్తళ్ళు వేసి వంకాయ కూర చేస్తే వీధంతా అడిగే మనిషి, పోపు వాసనకే ముక్కు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. డాక్టరుని అడిగితే "ఈ మందులకి అంతే, మామూలే" అన్నాడు. మామూలే అన్న ఆ మాట మీద నాకు ఇప్పటికీ కచ్చ ఉంది. ఎవరికి మామూలు?

పక్క క్వార్టరులో హిందీ ఆవిడ ఉండేది, పుట్టిల్లు దగ్గర్లోని కోటా అనే ఊరు కాబట్టి కోటా ఆవిడ అనేవాళ్ళం. వాళ్ళాయన లోకో షెడ్డులో ఫిట్టరు. శివరాత్రి రోజు వాళ్ళింట్లో భంగు, అంటే గంజాయి ఆకు, నూరడం ఆచారం. అత్తగారు, కోడలు, అందరూ తలో గుక్క ప్రసాదంగా పుచ్చుకునేవారు. మన తెలుగువాళ్ళు అది చూసి చెవులు కొరుక్కునేవారు. మనకి గంజాయి అంటే సాధువులది, తాగుబోతులది, ఇంటికి రానివ్వకూడనిది. ఆ శివరాత్రికి ఆవిడ ఒక గ్లాసులో పాలు కలిపి తెచ్చింది. "దీదీ, శివుడి ప్రసాదం. కొంచెం నోట్లో పోసుకో, కడుపు నిలబడుతుంది," అంది హిందీలో. ప్రసాదం కాదనకూడదు కనుక అమ్మ తాగింది. వాంతి అవుతుందని నేను పళ్ళెం పట్టుకుని కూర్చున్నాను. అవలేదు. కాసేపు అలా కళ్ళు మూసుకుని పడుకుంది. తర్వాత లేచి కూర్చుని నా వైపు కోపంగా చూసింది.

"ఏటే, ఇంట్లో అన్నం నేదేటి?" అంది.

నేను వంటింట్లోకి పరుగెత్తి అక్కడే ఏడ్చాను. పప్పుచారు, అన్నం కలిపి పెడితే మెతుకు మిగల్చకుండా తింది. తిన్నది లోపల ఉంది. తర్వాత తిరుగుతున్న ఫ్యాను చూసి ఎందుకో నవ్వింది. "సూడే, ఎంత సదువుకున్నా అక్కడక్కడే తిరుగుతంది," అంది. ఆ రోజు ఆమె నిద్రపోయినంత హాయిగా ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ నిద్రపోలేదు.

అది మంత్రం కాదని కూడా చెప్పాలి. రెండోసారి కోటా ఆవిడ కొంచెం ఎక్కువ కలిపింది. అమ్మకి గోడ దగ్గరికి వచ్చేస్తున్నట్టు అనిపించి భయపడి నా చెయ్యి వదల్లేదు. నాలుక ఎండిపోయి మాట తడబడింది. అప్పట్నుంచి కొలత తగ్గించాం. ఆకు బాగా కడిగి, మిరియాలు, సోంపు వేసి మెత్తగా నూరి, రేగుగింజంత ఉండ పాలతో ఇచ్చేవాళ్ళం. అన్నానికి ముందు ఇస్తే అన్నం దిగేది, నొప్పి కూడా కొంచెం పక్కకి జరిగేది. రోగం తగ్గలేదు. తగ్గుతుందని మేమూ అనుకోలేదు. తింటే చాలు అనుకున్నాం.

కోటా ఆవిడ దగ్గరున్న ఆకు అయిపోయింది. డాక్టరుని కనీసం సలహా అడుగుదామని వెళ్ళాను. పేరు చెప్పగానే ఆయన తలుపు వైపు చూసి, "అమ్మాయ్, నువ్వు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. వెళ్ళు," అన్నాడు. మంచిదో చెడ్డదో, ఎంత ఇవ్వాలో, దేనితో ఇవ్వకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. చదువుకున్న పిరికివాళ్ళ దగ్గర బోలెడు మర్యాద ఉంటుంది, మాట సాయం ఉండదు.

దుకాణానికి నేనే వెళ్ళాను. గోల్ బజారు వైపు సందులో సర్కారు లైసెన్సు ఉన్న భంగు దుకాణం, పైన హిందీలో బోర్డు. అప్పటికి మాది మధ్యప్రదేశ్. అక్కడ అది కిరాణా కొట్టు ఎంత బాహాటమో అంత బాహాటం. చున్నీ కప్పుకుని మగవాళ్ళ మధ్య నిలబడ్డాను. అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి, ఇంకా గట్టి సరుకు ఏమైనా ఉందా అని అడిగాను. దుకాణదారు కసిరాడు. ఇంతకుముందు పువ్వూ ఇక్కడే అమ్మేవాడట. కొత్త చట్టం వచ్చాక ఆకు ఒక్కటే అమ్మాలట. ఆకు అయితే సర్కారు అమ్మిస్తుంది, అదే మొక్క చివర పూసిన పువ్వు అయితే జైల్లో పెడుతుంది. "ఇక్కడ ఇంకోసారి ఆ మాట ఎత్తకు," అని పొట్లం చేతిలో పెట్టాడు. ఒకే మొక్క, ఒకే వేరు, ఒకే నీళ్ళు. ఈ తేడా ఢిల్లీలో ఎవరు కూర్చుని గీశారో గాని, రోగి పడే బాధ చూసి గీయలేదని మాత్రం నాకు అప్పుడే తెలిసింది.

అలా కొన్నాళ్ళు బాగా గడిచింది. అమ్మ తినేది, తిట్టేది, కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళ నడకలకి పేర్లు పెట్టేది. ఇంతలో మన తెలుగు గార్డు ఒకాయన నన్ను దుకాణం దగ్గర చూసి నాన్న చెవిన వేశాడు.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి టోపీ మంచం మీద విసిరాడు. "నా కూతురు గంజాయి కొట్టు ముందు నిలబడిందంట! రన్నింగు రూములో అందరి ముందూ సెప్పేడు. నాను తలెత్తుకు తిరగాలా, వొద్దా?"

"అది సర్కారు కొట్టు నాన్నా. లైసెన్సు ఉంది. తప్పేటి?"

"తప్పో ఒప్పో నాకు సెప్పకు. ఆడపిల్లవి, సిగ్గు నేదేటి?"

లోపల్నించి అమ్మ అరిచింది. "అయితే మీరే ఎల్లి తెండి! మగోరికి సిగ్గు ఉండదు గదా!"

నాన్న మంచం మీది టోపీ తీసి మేకుకి తగిలించాడు. ఒక విషయం ఒప్పుకుంటాను, ఆ మందు వద్దని నాన్న ఎప్పుడూ అనలేదు. అమ్మ తినడం తనూ చూశాడు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె ముద్ద మింగేదాకా చూసి వెళ్ళేవాడు. కానీ మెయిలు డ్రైవరు భంగు కొట్టు ముందు నిలబడడం ఆయన వల్ల కాదు. కాసేపు పచార్లు చేసి తీర్పు చెప్పాడు. "ఇకమీద ఆ కొట్టుకి ఎవరూ ఎల్లకండి. మన వైపు నుంచి తెప్పిస్తాను. గుట్టుగా వొచ్చీస్తాది, సరుకూ మంచిది."

ఇక్కడ మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. బిలాస్‌పూర్‌లో పుట్టి బిలాస్‌పూర్‌లో ముసలైపోతారు గాని, మా ఇళ్ళలో బిలాస్‌పూర్ చింతపండు వాడరు. కందిపప్పు, బెల్లం, ఎండుమిరప, ఆఖరికి చీపురుకట్ట కూడా మన వైపు నుంచే రావాలి. వచ్చే దారి గార్డు పెట్టె. గార్డుకి జెండాలు, దీపం, బట్టలు పెట్టుకోడానికి ఒక ఇనప్పెట్టె ఉంటుంది, ఆయన ఎక్కిన బండిలోనే ఆ పెట్టె ప్రయాణం. విజయనగరంలో ఒకరి పెట్టెలో వేసిన మూట మధ్యలో బండి మారినచోట ఇంకొకరి చేతికి, రాయపూర్లో మరొకరికి, అక్కణ్ణుంచి మాకు. అందరూ మనవాళ్ళే. ఆ మూట విప్పకూడదు. ఏముందని అడగనూ కూడదు. అడిగితే అనుమానించినట్టు, తరతరాల నమ్మకానికి తూట్లు పొడిచినట్టు. ఆ నమ్మకం చూసి మేం మురిసిపోయేవాళ్ళం.

"నాన్నా, ఆకు అయితే నేరం కాదు. పువ్వు వస్తే కేసవుతాది," అని చెప్పాను. చాలా స్పష్టంగా చెప్పాను.

"నాకు సట్టం నేర్పుతావేటే? మా అప్ప పంపితే కేసేటి?"

నాన్నగారి అప్ప, మా మేనత్త, సాలూరు అవతల కొండదిగువ ఊళ్ళో ఉండేది. మరదలు అన్నం తినడం లేదని తెలిసి ఆవిడ ప్రాణం కొట్టుకుంది. ఆకు ఎవరైనా పంపుతారా? పశువులకి వేసేది ఆకు. కొండవాళ్ళ దగ్గర బతిమాలి, గింజ ఏరించి, మంచి పువ్వు ఎంచి, చింతపండు మూట మధ్యలో పెట్టి ప్రేమగా పంపింది. సర్కారు కొట్టులో బోర్డు కింద చట్టబద్ధంగా కొనడం సిగ్గు, ఇనప్పెట్టెలో దాచి జైలు సరుకు తేవడం పరువు. ఇంత తెలివి మా రైలు కుటుంబాలకి తప్ప ఇంకెవరికి వస్తుంది?

మూట చివరి గార్డు చేతిలో దొరికింది. ఆయన గూడ్సు గార్డు, బొబ్బిలి వైపు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, నోట్లో నాలుక లేనివాడు. ఆ రోజు పోలీసులు వెతికింది గంజాయి కోసం కాదు. యార్డులో రాగి తీగ దొంగతనాలు జరుగుతున్నాయని గార్డులూ డ్రైవర్లూ డ్యూటీ సంతకాలు పెట్టే గదిలో గార్డుల పెట్టెలన్నీ తెరిపిస్తున్నారు. చింతపండు మూట పొడిచి చూస్తే వాసన వచ్చింది. ఎవరిదని అడిగారు. ఆ సమయానికి అదే గదిలో నాన్న డ్యూటీ దిగి సంతకం పెడుతున్నాడు. గార్డు నాన్న వైపు చూశాడు. చూసి, చెప్పకుండా ఆగాడు. పెద్దమనిషి ఆయనే చెబుతాడు, తను ముందు నోరు జారడం మర్యాద కాదు అనుకున్నాడు. నాన్న సంతకం పూర్తి చేసి, పెన్ను జేబులో పెట్టుకుని, ఇంటికి వచ్చేశాడు.

ఇదంతా నాన్న చెప్పలేదు, తర్వాత గార్డు నోట విన్నాను. స్నానం చేసి, తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. మధ్యాహ్నం గార్డు భార్య ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బాబాయిగారూ, ఆయన్ని టానాకి తీసుకెల్లిపోనారు. ఇన్నేల్ల బట్టి మీ మూటలు మోసినారు, ఏనాడూ ఏటుందని అడగనేదు. తవరు ఒక్క మాట సెప్తే వొగ్గీస్తారు," అంది. గొంతులో నింద లేదు. అదే భరించలేకపోయాను.

నాన్న నేల చూశాడు. "నాకేటి తెలుస్తాదమ్మా. పెద్ద ఆఫీసర్లతో మాటాడి సూస్తాను," అన్నాడు.

ఆవిడ పిల్లల చేతులు పట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ మంచం కిటికీ పక్కనే. అంతా విన్నది. గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. నాలుగు రోజులుగా ఆకు లేక, మళ్ళీ వాంతులు మొదలై, ముఖం పీక్కుపోయి ఉంది.

"ఆ మూట మనదేనేటండీ?"

నాన్న తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మనదేనేటి అంటన్నాను."

అప్పుడు నాన్న గొంతు తగ్గించి, తలుపు మూసి, లెక్కగా చెప్పుకొచ్చాడు. తను ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, పెన్షను పోతుంది, అమ్మకి ఆసుపత్రి పోతుంది, నాగపూర్ వెళ్ళే పాసు పోతుంది. "నీ గురించే ఆలోసిస్తన్నాను. నాను జైలుకెల్తే నిన్నెవులు సూస్తారు?" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే. అన్ని నిజాలు చెప్పే మనిషి ఎంత అసహ్యంగా కనిపిస్తాడో ఆ రోజు చూశాను.

అమ్మ తల ఊపింది. "అచ్ఛా. మీ ఉజ్జోగం మీరు ఉంచుకోండి. నానెల్తాను," అని నా వైపు తిరిగి, "రిచ్చా పిలు," అంది.

నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "పిచ్చెక్కిందేటి? ఆడమనిషివి, టానాకి ఎల్తావా? కాలనీలో ఏటనుకుంటారు?"

"సచ్చిపోయేదాన్ని గురించి ఏటనుకుంటేనేటి," అంది అమ్మ. పక్కకి తప్పుకునేదాకా ఆయన ముఖంలోకే చూసింది. తప్పుకున్నాడు.

కోటా ఆవిడ కూడా మాతో రిక్షా ఎక్కింది. వాళ్ళాయన పరుగున వెళ్ళి తెలిసిన బెంగాలీ వకీలుని తీసుకొచ్చాడు. ఠాణా ముందు వకీలు మాకు సంగతి విప్పి చెప్పాడు. కొంచెం సరుకు, అదీ సొంత వాడకానికి అయితే చట్టంలో శిక్ష తక్కువ. ఎవరికో చేరవెయ్యడానికి అయితే ఏళ్ళ తరబడి జైలు. అయితే సొంతానికే అని రుజువు చేసుకోవాల్సింది పట్టుబడినవాడే, పోలీసులు కాదు. దుక్కలా ఉన్న గార్డు ఏమని రుజువు చేస్తాడు? "మీరైతే మాట్లాడక్కర్లేదమ్మా. మిమ్మల్ని చూస్తే చాలు," అన్నాడు వకీలు. తర్వాత ఆ మాటకి తనే సిగ్గుపడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అమ్మ మాత్రం సంతోషించింది. ఈ రోగం ఒకరికైనా పనికొచ్చిందే అంది.

సబ్ ఇన్స్పెక్టరు నమ్మలేదు. "మాతాజీ, ఎవరు నేర్పి పంపారు నిన్ను? జైలుకి పోతావు," అన్నాడు.

అమ్మ తన వచ్చీరాని హిందీలో జవాబిచ్చింది. "జైల్లో అన్నం పెడతారా? పెట్టినా నాకు ఇమడదు. మీకే లాభం."

అక్కడున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు. తెప్పించింది ఎవరని అడిగారు. ఆడపడుచుకి తనే కబురు పెట్టానని, మూటలో ఏముందో గార్డుకి తెలియదని, మొగుడికి అసలేమీ తెలియదని చెప్పింది. మొగుడికి తెలియదన్న మాట రెండుసార్లు రాయించింది. తర్వాత ఆ బెంచీ పక్కనే వాంతి చేసుకుంది. అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. రోగం చూసి ఆమెని ఇంటికి పంపారు. కొన్ని రోజులకి గార్డుకి కూడా బెయిలు దొరికింది. ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. ఇద్దరూ ముద్దాయిలే.

కాలనీలో తెలుగువాళ్ళు ముఖం చాటేశారు. నవమి పందిట్లో నాన్న చేత మొదటి కొబ్బరికాయ కొట్టించిన పెద్దమనుషులే, మా వీధి తప్పించి చుట్టు తిరిగి బజారుకి వెళ్ళేవారు. ఏదైనా కావాలా అని అడిగిన ఇల్లు కోటా ఆవిడది ఒక్కటే.

ఇంక ఆకు మళ్ళీ తెచ్చుకోవచ్చు కదా, సర్కారు కొట్టులో నేరం కాదు కదా అనుకున్నాను. వకీలు వద్దన్నాడు. "ఆకు నేరం కాదు, నిజమే. కానీ కేసు తేలేదాకా ఇంట్లోకి రానివ్వకండి. ఇంట్లో రోజూ నూరుకుంటున్నారని తెలిస్తే అవతలి వకీలు ఊరుకోడు. ఈవిడకి ఇది పాత అలవాటు, ఆ గార్డు ఎప్పట్నుంచో మోస్తున్నాడు, అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది అంటాడు. ఆమెకేం కాదు. గార్డు మునుగుతాడు."

నేను వకీలు మీద అరిచాను. చట్టం ఒప్పుకున్న దాన్ని చట్టానికి భయపడి మానెయ్యాలా అని అడిగాను. ఆయన ఆ ప్రశ్న జడ్జీలకి కూడా తెలుసు అని నిట్టూర్చాడు. అమ్మ మంచం మీంచి వింటోంది. "మానీద్దాం. ఇద్దరు గుంటలున్నారు ఆడికి," అంది. అంతే, ఆ మాట మీద నిలబడింది.

వాయిదా ఉన్న రోజు కోర్టు వరండాలో చాప వేసి పడుకోబెట్టేవాళ్ళం. పిలిచేదాకా ఉండాలి. పిలిచి ఇంకో తారీఖు ఇచ్చేవారు. ఇంటికొచ్చాక గంజి, వాంతి. ఒకరోజు పక్కింట్లో వంకాయ వేగుతున్న వాసన వస్తే, "తినాలని ఉందే. నోరు తినమంటంది, కడుపు వొద్దంటంది," అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆకు ఉండ ఒక్కటి, రేగుగింజంత, పాలల్లో వేస్తే తినేది. ఊరి మధ్యలో బోర్డు కట్టి అమ్ముతున్నారు. నేను తేలేను.

నాన్న ద్రాక్షపళ్ళు తెచ్చేవాడు. బత్తాయిలు తెచ్చేవాడు. హార్లిక్సు సీసాలు వరసగా పెట్టేవాడు. నేను ఆయన్ని వెంటాడాను. పెరట్లో, వంటింట్లో, డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నప్పుడు, ఒకటే మాట. "నువ్వు తెప్పించానని ఒప్పేసుకో నాన్నా. గార్డు బైటపడతాడు. అమ్మ ఆకు తాగతాది. అన్నం తింటాది." ఆయన ఏడ్చేవాడు. "సర్వీసు అయిపోవొచ్చింది, కొంచెం ఓపిక పట్టు," అనేవాడు. ఆ ఏడుపు చూసి జాలిపడమని బంధువులు నాకు చెప్పారు. పడలేదు. ఇప్పటికీ పడను. ఆమె ముద్ద మింగుతుంటే గుమ్మంలో నిలబడి చూసిన మనిషి, ఆ ముద్ద ఎందుకు దిగడం లేదో తెలిసి, రోజూ బూట్లు పాలిష్ చేసుకుని డ్యూటీకి వెళ్ళాడు.

ఆఖరి రోజుల్లో ఒక పూట నాన్న అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "నామీద కోపమేటే?" అని అడిగాడు.

అమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "కోపం నేదండీ. కోపానికి ఓపిక గావాల."

క్యాన్సరుతోనే పోయేది, అది నాకు తెలుసు. కానీ పోయిన రోజున ఆమెని పోల్చుకోలేకపోయాను. ఎత్తడానికి ఇద్దరు అక్కర్లేకపోయింది. చావు కాయితంలో క్యాన్సరు అని రాశారు. నేను రాసి ఉంటే ఆకలి అని రాసేదాన్ని.

దినవారాలు కాగానే వాయిదా వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బంట్రోతు గుమ్మంలో నిలబడి అమ్మ పేరు పెద్దగా పిలిచాడు. బతికుండగా అంత గట్టిగా ఆమె పేరు ఎవరూ పిలిచి ఉండరు. వకీలు లేచి, ముద్దాయి చనిపోయిందని చెప్పాడు. మేజిస్ట్రేటు తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఆమె మీద కేసు అక్కడితో సరి. ఇక గార్డు సంగతి. చనిపోయినావిడ మూట తనదేనని ముందే ఒప్పుకుంది, గార్డుకి తెలుసనడానికి సాక్ష్యం లేదు, వదిలేయమని వకీలు అడిగాడు. సర్కారు వకీలు కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. మేజిస్ట్రేటు సరేనని కలం అందుకున్నాడు.

అప్పుడు నాన్న లేచాడు. చేతులు జోడించి, హిందీలో, అందరికీ వినపడేలా, "హుజూర్, ఆ మూట తెప్పించింది నేను. ఆమె కాదు," అన్నాడు.

మేజిస్ట్రేటు కళ్ళజోడు పైనుంచి చూసి, ఈయనెవరని అడిగాడు. వకీలు గబగబా నాన్న భుజం నొక్కుతూ, "భర్త, హుజూర్. మనసు కుదురుగా లేదు. దుఃఖం," అన్నాడు. మేజిస్ట్రేటు జాలిగా తల ఊపి, ఆయన్ని బయట కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వమన్నాడు. బంట్రోతు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. గార్డుని వదిలేశారు. ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టాడు. నాన్న వైపు చూడలేదు.

వరండాలో అమ్మని పడుకోబెట్టిన చోటే నాన్న నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం ఉంది, పెన్షను ఉంది, క్వార్టరు ఉంది. నన్ను చూసి, మెచ్చుకోమన్నట్టు ముఖం ఎత్తాడు.

"సెప్పీసాను గదే. అందరి ముందూ సెప్పీసాను. ఆల్లే యినుకోనేదు."

"యినాల్సిన మనిషి ఒకర్తే నాన్నా," అన్నాను. "ఆమెని అర్పా ఏటి ఒడ్డున కాల్సీసి వొచ్చాం."